ప్లానులో పచ్చరంగు ముక్క

మా అత్తగారికి ఎడమ పక్క పడిపోయిన ఏడు నాకు ఇరవై రెండేళ్ళు. యాభైల ఆఖరు. మా ఆయన రైల్వేలో గూడ్సు క్లార్కు. గూడూరు నుంచి ప్యాసింజరు బండిలో పోయి రాదగ్గ దూరంలో ఉన్న ఒక చిన్న ఊరికి కొత్తగా బదిలీ అయింది. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఇందులో వచ్చే కొందరి పిల్లలు, మనవలు ఇంకా అక్కడే ఉన్నారు.

ఊళ్ళో ఇల్లు దొరకలేదు. రైలు పట్టాలకు తూర్పున, ఊరు అయిపోయిన చోట, ఒక ఇళ్ళ సొసైటీ వాళ్ళు కొత్తగా స్థలాలు వేశారు. జనం దాన్ని "ప్లాట్లు" అనేవాళ్ళు. అప్పటికి పాతిక ఇళ్ళు లేచి ఉంటాయేమో, మిగతాదంతా బయలు. సాయంత్రమయితే సముద్రం వైపు గాలి ఇసుకను మోసుకొచ్చి అన్నం గిన్నెల్లో పోసేది. మేము అద్దెకు దిగిన ఇంటి ముందు రోడ్డు. రోడ్డుకు అవతల, ఇళ్ళ వరసల నడుమ, ఒక పెద్ద ఖాళీ స్థలం.

ఇల్లు గలాయన తాళంచెవులు ఇస్తూ, "ఎదురుగా పార్కు వస్తాదమ్మా. ప్లానులో పచ్చరంగు ఏసుండారు" అన్నాడు.

అప్పుడు అక్కడున్న పచ్చదనమల్లా సర్కారు తుమ్మ, జిల్లేడు, నేలంతా పాకిన పల్లేరు. ఉత్తరం పక్క ఒక అభ్రకం షెడ్డు ఉండేది. గనుల నుంచి వచ్చిన అభ్రకాన్ని అక్కడ రేకులు రేకులుగా చీల్చి పెట్టెల్లో సర్ది బండికెక్కించేవాళ్ళు. పనికిరాని తుక్కును ఎద్దుల బండ్లలో తెచ్చి ఈ స్థలంలో ఈశాన్యం మూల పోసేవాళ్ళు. అది గుట్ట అయింది. ఎండ పడితే కళ్ళు మూసుకోవాలి. గాలి వీస్తే మా వంటింటి గడప మీద, ఆరేసిన చీరల మీద, చంటిపిల్లల కనురెప్పల మీద మెరుపు పొట్టు.

అత్తగారు దొరవారిసత్రం దగ్గర పల్లెలో పుట్టి, ఆ పక్క పల్లెకే కోడలయింది. నాట్ల నుంచి నూర్పిళ్ళ దాకా పొలంలోనే బతికిన మనిషి. మామగారు పోయాక తన మరిదికి పొలం అప్పజెప్పి మా దగ్గరికి వచ్చింది. ఇంట్లో కూర్చోవడం ఆమెకు చేతకాదు. నేను ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేది. ఒక వేసవి పొద్దున బావి దగ్గర నీళ్ళు చేదుతూ పక్కకు ఒరిగిపోయింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు, సగం నోరు పడిపోయాయి.

ఆస్పత్రిలో నెల రోజులున్నాం. పంపించేటప్పుడు డాక్టరు, "మందులు మేం ఇచ్చేది ఇచ్చాం. ఇక నడక. రోజూ నడవాలి. పడుకోబెట్టారో, మంచానికే అంటుకుపోతుంది" అన్నాడు.

ఎక్కడ నడవాలి? ఇల్లు రెండు గదులు, మధ్యలో ఎత్తు గడపలు. ముందు రోడ్డు గుల్ల ఇసుక, చేతికర్ర దిగబడిపోయేది. దాని మీదే షెడ్డు బండ్లు, నిమ్మకాయల లారీలు. వారం రోజులు గదిలో గోడ పట్టుకుని అటూ ఇటూ నడిపించాను. ఎనిమిదో రోజు ఆమె వాకిట్లో ముక్కాలిపీట మీద కూర్చుని, బాగున్న చెయ్యి ఎత్తి రోడ్డు అవతలికి చూపించింది.

"ఆ...డ" అంది. అప్పటికి ఆమె మాట అంతవరకే తిరిగేది.

"ఆడ ముళ్ళు అత్తా" అన్నాను.

"తియ్."

మర్నాడు మా ఆయన డ్యూటీకి పోయాక కొడవలి, పార పట్టుకుని రోడ్డు దాటాను. పట్టపగలు రోడ్డు పక్కన చెట్లు నరకడం నాకు అలవాటు లేదు. తల మీద కొంగు లాక్కుని, ఎవరూ చూడటం లేదనుకుంటూ సర్కారు తుమ్మ మొదలు నరకసాగాను. అందరూ చూశారు. పక్కింటి రిటైర్డు మేస్టారు అరుగు మీద నుంచి, "ఏమ్మా, అడవి కొట్టే కంట్రాక్టు తీసుకున్నావా?" అన్నాడు. చేతులు బొబ్బలెక్కేవరకు కొట్టి, మా వాకిలికి సూటిగా మంచం వెడల్పున ఇరవై అడుగుల దారి తీశాను. కింద గట్టి చవుడు నేల. కర్ర దిగబడదు.

ఆ సాయంత్రం అత్తగారు ఆ ఇరవై అడుగులూ నడిచింది. ఎడమ కాలు ఈడ్చుకుంటూ, నా భుజం మీద బరువంతా వేసి. చివర దాకా వెళ్ళి, ముందున్న ముళ్ళపొదను కర్రతో కొట్టి, "రేపు ఇది" అంది.

మా ఆయన రాత్రి నా చేతులు చూసి కోప్పడ్డారు. "మన స్థలమా అది? ఎవరన్నా అడిగితే ఏం చెప్తావు? నేను గవర్నమెంటు మనిషిని."

అత్తగారు మంచంలో నుంచే, "నేను... నడ...వాల" అంది.

రోజూ కొంచెం కొంచెం దారి పెరిగింది. పది రోజులయ్యాక ఒక మసక వేళ, ఎదురు వరసలో దర్జీ గారి భార్య మా దగ్గరికొచ్చి నిలబడింది. నలభై ఏళ్ళావిడ. వాళ్ళింట్లో ఆడవాళ్ళు పగలు బయటికి వచ్చేవాళ్ళు కాదు. నేను ఆమెను కిటికీలో, కుట్టుమిషను వెనక చూడటమే.

"అమ్మాయ్, మీ అత్తను చూస్తా ఉండా రోజూ. నాకు మోకాళ్ళ నొప్పులు. నేను కూడా నడవొచ్చా?" అని అడిగింది.

"అడిగేదేముందక్కా, రాండి" అన్నాను.

ఆమె మర్నాడు ఊరికే రాలేదు. గడ్డపార తెచ్చింది. నాకంటే బాగా తవ్వేది. పెళ్ళికి ముందు వాళ్ళ నాయన బావులు తవ్వించే మేస్త్రీ అట. అత్తగారిని పెద్దమ్మా అనేది, అత్తగారు ఆమెను బిడ్డా అనేది. ఇద్దరూ చేతికర్ర ఒకరు, గోడ లేని చోట గోడగా ఒకరు, మెల్లగా నడుస్తూ వాళ్ళ వాళ్ళ పల్లెల కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అత్తగారికి మాట తిరిగి వచ్చింది ఆ కబుర్లతోనే అని నా నమ్మకం. ఆమె ఒక మాట కోసం తడుముకుంటుంటే దర్జీ గారి భార్య అందించేది కాదు, ఆగేది. ఎంతసేపయినా ఆగేది.

మూడో మనిషి చేపలామె. పులికాట్ సరస్సు ఒడ్డు పల్లె నుంచి పొద్దుటి ప్యాసింజరులో గంపతో దిగి, ప్లాట్లలో రొయ్యలు, పీతలు అమ్ముకుని, మధ్యాహ్నం బండికి పోయేది. ఎండలో ఆమెకు నిలవడానికి చోటుండేది కాదు. మేము శుభ్రం చేసిన నేల చూసి గంప దించి, "నీడ లేని చోట నడిచి ఏం లాభం అవ్వా? నాలుగు చెట్లు ఎయ్యండి" అంది.

"మల్లెలు, గులాబీలు వేద్దామా?" అన్నాను నేను. నా బుర్రలో పార్కు అంటే నెల్లూరులో చూసిన పూలమళ్ళే.

ఆమె నవ్వింది. "ఈ ఉప్పు నేలలో గులాబీలా? మా దిబ్బ మీద గంగరావి ఒకటే బతికేది. కొమ్మ నరికి పాతితే చాలు. వానలు పడనీ, నేను తెస్తా."

"మాట తప్ప...బాకు" అంది అత్తగారు.

వానలకు ముందే బండ్ల గొడవ వచ్చింది. దారి తీయడంతో నేల చదునయి, తుక్కు పోసే బండ్లవాళ్ళకు లోపలి దాకా తోలడం సులువయింది. ఒక పొద్దున చూస్తే మా నడక దారి మధ్యలోనే రెండు కుప్పలు. పార తీసుకుని ఎత్తి పక్కన పోశాను. మర్నాడు మూడు కుప్పలు. మూడో రోజు అత్తగారు ముక్కాలిపీట మోయించుకుని వెళ్ళి దారి మధ్యలో వేయించుకుని కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను.

బండి వచ్చింది. ఎద్దులు ఆమెకు రెండు బారల దూరంలో ఆగాయి.

"అవ్వా, పక్కకు జరుగు" అన్నాడు బండాయన.

"జరగలేను నాయనా. కాలు పడిపోయినాది. నేను నడిచేది ఈడనే."

"నన్నేం చెయ్యమంటావు? ఈడ పొయ్యమన్నారు."

"ఎవరు?"

"షెడ్డు గుమాస్తా."

"ఆయన్ని రమ్మను. నా కాళ్ళ మీద పొయ్యమను."

బండాయన కాసేపు ఎద్దుల వీపులు నిమురుతూ నిలబడ్డాడు. తరవాత బండి వెనక్కి తిప్పుకుని, పాత గుట్ట మీదే పోసి వెళ్ళాడు. గుమాస్తా రాలేదు. అత్తగారు మాత్రం పదిహేను రోజులు పొద్దున్నే వెళ్ళి అక్కడ కూర్చుంది. అక్కడే గంజి తాగేది. ఆ మధ్యలో జల్లు పడితే గొడుగు పట్టుకుని కూర్చుంది. ఆ తరవాత ఏ బండీ గుట్ట దాటి లోపలికి రాలేదు.

దీపావళి వానలు పట్టగానే చేపలామె మాట నిలబెట్టుకుంది. చేయి లావు గంగరావి కొమ్మలు పన్నెండు, గోనెపట్టాలో చుట్టి బండిలో తెచ్చింది. గార్డు అరిచాడట, ఇది చేపల గంపా కట్టెల మోపా అని. స్థలం చుట్టూ గుంటలు తీసి పాతాం. నాలుగు ఉత్తరం పక్క షెడ్డు వైపు, మిగతావి మూడు పక్కలా. పల్లపు మూలలో దర్జీ గారి భార్య ఇసుకలో దొరువు తవ్వింది. నిలువెత్తు లోతులోనే నీళ్ళు పడ్డాయి, తాగడానికి కాదు గానీ చెట్లకు సరిపోయేవి. వానలు తగ్గాక ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకుని బిందెలతో పోశాం. అప్పటికి మాతో ఇంకో పది మంది ఆడవాళ్ళు కలిశారు. అరుగు మీది మేస్టారి భార్య కూడా. పన్నెండులో తొమ్మిది చిగిర్చాయి. ఎండిపోయిన మూడింటి చోట చేపలామె మళ్ళీ తెచ్చి పాతింది.

అలా ఒక ఏడు గడిచింది. మరుసటి వేసవిలో మా ఆయన స్టేషను నుంచి ఒక వార్త మోసుకొచ్చారు. ఆ ఖాళీ స్థలమంతా షెడ్డు వాళ్ళకు గోడౌను కట్టుకోవడానికి పంచాయతీ కౌలుకు ఇవ్వబోతోంది.

అత్తగారు అన్నం ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. "పార్కు కదా అది?"

"కాదంట. పోరంబోకంట. పార్కని యాడా రాసి లేదంటున్నారు."

"ఉండాది. ప్లానులో" అన్నాను.

"నువ్వు చూసినావా?"

చూడలేదు. ఇల్లు గలాయన మాటే విన్నాను.

మర్నాడు నేనూ, దర్జీ గారి భార్యా పంచాయతీ ఆఫీసుకు వెళ్ళాం. ఆవిడ పట్టపగలు వీధిలో నడవడం అదే మొదలట. ప్రెసిడెంటు గారు మర్యాదగానే కూర్చోమన్నారు. మజ్జిగ తెప్పించారు. "షెడ్డు పెరిగితే మన ఊరి ఆడవాళ్ళకే పని దొరుకుతాదమ్మా. మీరు నడిచేదానికి రోడ్డు లేదా?" అన్నారు.

"పని దొరకాల్సిందే. గోడౌనుకు ఊరి చుట్టూ బోలెడు బయలుంది కదండీ. ఇది పార్కు స్థలం."

"పార్కని కాగితం ఉంటే తీసుకురా. అప్పుడు చూద్దాం" అన్నారాయన నవ్వుతూ.

ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. చెడ్డ నవ్వు కాదు. చిన్నపిల్లను బుజ్జగించే నవ్వు. బయటికి రాగానే దర్జీ గారి భార్య, "కాగితం తెస్తాం పద" అంది.

ఇళ్ళ సొసైటీ ఆఫీసు ఊళ్ళో మిద్దె మీద ఉండేది. సెక్రటరీ గారు మొదటి రోజు బీరువా తాళం ఇంట్లో మరిచానన్నారు. రెండో రోజు తాళం ఉంది గానీ ప్లాను ఏ అరలో ఉందో తెలియదన్నారు. మూడో రోజు మీటింగు. నాలుగో రోజు ఆయనే రాలేదు. ఐదో రోజు నేను కూర కోసుకునే సామాను కూడా తీసుకెళ్ళాను. మెట్ల మీద కూర్చుని గోరుచిక్కుళ్ళు తుంచుతున్నాను. వచ్చేపోయే సభ్యులు ఎవరమ్మా నువ్వు అని అడుగుతున్నారు, నేను ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. మధ్యాహ్నానికి సెక్రటరీ గారు తలుపు తీసి, "లోపలికి రామ్మా, తల్లీ" అన్నారు.

నీలం గుడ్డ కాగితం మీద తెల్ల గీతల ప్లాను. ప్లాట్ల నెంబర్లన్నీ ఉన్నాయి. నడుమ ఒక చతురస్రానికి చేత్తో పచ్చరంగు పూసి, "పార్కు" అని తెలుగులో రాసి ఉంది. నాలుగు మూలలా నాలుగు హద్దురాళ్ళ నెంబర్లు. నాలుగు పక్కలా అడుగులు.

"ఇది బయటికివ్వను" అన్నారాయన.

"ఇవ్వొద్దు. రాసుకోనివ్వండి."

నోటుబుక్కులో ముగ్గు వేసినంత జాగ్రత్తగా దించుకున్నాను. ఆయన చూస్తూ కూర్చుని, చివరికి తనే స్కేలు ఇచ్చారు. నేను లేస్తుంటే గొంతు తగ్గించి అన్నారు: "కాగితం ఉంటే చాలదమ్మా. నేల మీద రాళ్ళు కనపడాల. రాళ్ళు లేకుంటే మీ కొలతలు వాళ్ళు ఒప్పుకోరు."

తాసిల్దారుకు అర్జీ రాసింది నేనే. సంతకాల దగ్గర చిక్కొచ్చింది. మా ఆయన కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. అత్తగారు చూసింది.

"నువ్వు పెట్టబాకు నాయనా. నీకు ఉద్యోగం ఉండాది. మాకు లేదు కదా, మేం పెడతాం."

దర్జీ గారింట్లో చిక్కు ఇంకా పెద్దది. షెడ్డు వాళ్ళ గోనెసంచుల కుట్టుపని ఆయనదే. అర్జీ మాట పొక్కగానే గుమాస్తా వచ్చి, మీ ఆవిడ వేలిముద్ర అందులో పడితే సంచులు వేరే దర్జీకి పోతాయని చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం ఆమె వచ్చేసరికి నేనే, "మీరు పెట్టొద్దులే అక్కా" అన్నాను.

"మా ఆయన కూడా అదే అన్నాడు. నేనేమన్నానో తెలుసా? పెళ్ళయిన ఇరవై ఏళ్ళకు ఈ మోకాళ్ళకు నేల తగిలింది, సంచుల కోసం వదలను అన్నా. ఆయన చాలాసేపు మిషను తొక్కతా కూర్చుని, సరే పెట్టుకో, నేను గౌన్లు కుట్టుకుంటాలే అన్నాడు." ఇలా అంటూ వేలు సిరాలో ముంచింది. అన్నట్టే సంచుల పని పోయింది. ఏడాది దాకా వాళ్ళు చాలా ఇబ్బంది పడ్డారు. ఆమె ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

మొత్తం పదిహేడు మంది. ఆరు సంతకాలు, పదకొండు వేలిముద్రలు. మేస్టారే స్వయంగా రిజిస్టరు పోస్టు చేసి వచ్చారు.

ఇక రాళ్ళు. అత్తగారు అర్జీ పోయిన రోజే చెప్పింది: "రెండు నాకు తెలుసు. మూడోది ఉండాదని అనుమానం." ఏడాదిగా ఆ నేల అంగుళం అంగుళం కర్రతో తడుముతూ నడిచిన మనిషి. ఏ చోట కర్ర టక్కుమంటుందో ఆమెకు తెలుసు. ఆగ్నేయం మూల గడ్డిలో ఒకటి, నైరుతి మూల ఇసుకలో జానెడు లోతున ఒకటి చూపించింది. వాయవ్యం మూల ఆమె కర్ర ఆనించిన చోట తవ్వితే మూడోది దొరికింది. దర్జీ గారి కొలత టేపు తెచ్చి, కొబ్బరితాడుకు అయిదడుగులకొక ముడి వేసి, రాయి నుంచి రాయికి లాగాం. నోటుబుక్కులో ఉన్న అడుగులతో సరిపోయింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారి అరిచారు.

నాలుగోది ఈశాన్యం. అంటే అభ్రకం గుట్ట కింద.

తాసిల్దారు ఆఫీసు నుంచి రెవిన్యూ ఇన్స్‌పెక్టరు వస్తున్నాడని కబురు అందేసరికి నాలుగు రోజులే ఉన్నాయి. తాడు లాగి గుట్టలో ఎక్కడ తవ్వాలో గుర్తు పెట్టుకున్నాం. రోజూ మగవాళ్ళు పనికి పోయాక మొదలుపెట్టి పొద్దు వాలేదాకా తవ్వేవాళ్ళం. అభ్రకం మట్టిలాగా మాట వినదు. పారతో ఎత్తిన చోటికి పైనుంచి జారి మళ్ళీ నిండుతుంది. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకున్నా దగ్గు. వేళ్ళు బ్లేడు కోసినట్టు తెగేవి. రెండో రోజు ఇద్దరు మానేశారు. మూడో రోజు చేపలామె మధ్యాహ్నం బండి వదిలేసి మాతో ఉండిపోయింది. తుక్కును తన చేపల గంపతో ఎత్తి, ఒకరి తల మీంచి ఒకరి తల మీదికి అందించుకునే పద్ధతి ఆమే పెట్టింది. అత్తగారు పీట మీద కూర్చుని, "ఇంకా కింద. ఇంకా" అంటూనే ఉంది.

నాలుగో రోజు, పొద్దు ఇంకా బారెడు ఉందనగా, దర్జీ గారి భార్య గడ్డపార ఠంగుమంది. గుంటలోకి దిగి చేతులతో తుడిచాను. రాయి. దాని మీద చెక్కిన నెంబరు. నోటుబుక్కు తీసి చూడక్కర్లేకపోయింది, నాకది కంఠతా వచ్చు. అయినా తీసి అందరికీ చూపించాను. మా ఒళ్ళంతా, జుట్టంతా తళతళలాడుతోంది. చేపలామె నన్ను చూసి, "పెళ్ళికూతురు మాదిరి ఉండావమ్మయ్యా" అని గుంట అంచున కూలబడి నవ్వింది.

ఇన్స్‌పెక్టరు పొద్దున పదింటికి వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు. ప్రెసిడెంటు గారు, షెడ్డు గుమాస్తా వెంట ఉన్నారు. నేను నోటుబుక్కు విప్పబోతుంటే అత్తగారు లేచింది.

"రాళ్ళు నేను చూపిస్తా."

"మీరెందుకమ్మా, కూర్చోండి" అన్నాడాయన.

"నేను నడిచిన నేల ఇది. రాండి."

నా భుజం పట్టుకోలేదు. కర్రతో, కాలు ఈడ్చుకుంటూ మొదటి రాయి దాకా నడిచింది. ఆయన ఆమె అడుగులో అడుగు వేస్తూ నడవాల్సి వచ్చింది. కాసేపటికి గొడుగు ఆమె తల మీదికి జరిపాడు. మొదటి రాయి దగ్గర నెంబరు చూసుకుని రాసుకున్నాడు. రెండో రాయి, మూడో రాయి. మధ్యలో రెండుసార్లు ఆమె నిలబడి ఊపిరి తీసుకుంది, అందరూ నిలబడ్డారు. నాలుగో మూలకు చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. గుట్ట మధ్యలో మేము తీసిన గుంట, అందులో రాయి. ఇన్స్‌పెక్టరు గుంటలోకి తొంగి చూసి, మా చేతుల కట్లు చూసి, గుమాస్తా వైపు తిరిగాడు.

"దీని మీద తుక్కు పోసింది ఎవరు?"

ప్రెసిడెంటు గారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు.

ఉత్తర్వు రావడానికి ఆరు నెలలు పట్టింది. స్థలం పార్కుదే అని వచ్చింది, పూర్తిగా కాదు. షెడ్డుకు బండ్ల దారి కావాలని ఉత్తరం పక్క ఒక పట్టీ విడదీసి ఇచ్చారు. మా నాలుగు గంగరావి చెట్లు ఆ పట్టీలో పడ్డాయి. వాటిని నరికిన రోజు నేను ఇంట్లో తలుపు వేసుకుని ఏడ్చాను. అత్తగారు తలుపు తట్టింది.

"పోయింది పోయింది. నరికిన కొమ్మలు ఎండకముందే తెచ్చుకో. ఇవతల పాతుదాం."

గొడ్డలి పెట్టిన వాళ్ళనే అడిగి, కొమ్మలు తెచ్చి గీతకు ఇవతల పాతాం. నాలుగు చెట్ల కొమ్మలు పదహారు మొక్కలయ్యాయి. గుట్టను షెడ్డు వాళ్ళే ఎత్తించాల్సి వచ్చింది. అది మాత్రం పూర్తిగా గెలిచాం. కొన్నేళ్ళకు పంచాయతీలో మనుషులు మారారు. ముళ్ళకంచె, రెండు సిమెంటు బల్లలు, ఒక స్తంభానికి రేడియో వచ్చాయి. సాయంత్రం వార్తల వేళకు మగవాళ్ళు చేరేవాళ్ళు. అంతకు ముందు గంట మాది. ఎవరూ బోర్డు రాయలేదు, అట్టా కుదిరిపోయింది. షెడ్డులో అభ్రకం చీల్చే ఆడవాళ్ళు కూడా మధ్యాహ్నం ఆ నీడకే వచ్చి అన్నాలు తినేవాళ్ళు.

అరవైల మధ్యలో ఒక ఏడు పెద్ద గాలివాన కొట్టింది. రెండు రోజులు తలుపు తీయలేదు. మూడో రోజు చూస్తే సగం చెట్లు వేళ్ళతో సహా ఒరిగి ఉన్నాయి. మా ఇంటి పెంకులు కూడా లేచిపోయాయి. ముందు ఏ పని చూడాలో తెలియక నిలబడ్డాను. అత్తగారు వాకిట్లోకొచ్చి, "పెంకులు రేపన్నా ఏసుకోవచ్చు. ఏర్లు ఎండితే చెట్టు రాదు" అంది. అప్పటికే రోడ్డు అవతల దర్జీ గారి భార్య, మేస్టారి భార్య పారలతో ఉన్నారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. తాళ్ళు కట్టి ఒక్కొక్క చెట్టునే లేపి నిలబెడుతుంటే, వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా చేతిలో తాడు అందుకుంది. మా ఆయన. డ్యూటీకి పోలేదు. పొద్దు పోయేదాకా మాతో తాళ్ళు లాగారు.

అత్తగారు ఆ తరవాత రెండేళ్ళు బతికింది. చివరి రోజుల్లో నడవలేకపోయినా, సాయంత్రం నేను ఇంటికి రాగానే ఎవరెవరు వచ్చారు, ఏ చెట్టుకు నీళ్ళు తక్కువయ్యాయి అని అడిగేది. అబద్ధం చెబితే పట్టేసేది. ఒక పొద్దున నిద్రలోనే పోయింది. దర్జీ గారి భార్య మూడు రోజులు మా ఇంట్లోనే ఉండి నాకు ముద్దలు కలిపి పెట్టింది. చేపలామె కబురు తెలిసి, గంప లేకుండా వచ్చింది. గంప లేకుండా ఆమెను చూడటం నాకదే మొదటిసారి.

ఆ మరుసటేడు మా ఆయనకు కావలి బదిలీ అయింది. సామాను మూటలు కట్టడం అయిపోయింది. బండి మధ్యాహ్నానికి. ఆ రోజు నీళ్ళు పోసే వంతు నాది. దర్జీ గారి భార్య నేను పోస్తాలే, నువ్వు పో అంది. ఒప్పుకోలేదు. దొరువులో దిగి బిందెలు నింపి, దక్షిణం వరస మొత్తం పోసి, కాళ్ళు కడుక్కుని స్టేషనుకు వెళ్ళాను.